ముందట ఎవరు ఉరకాలె?

పాశమైలారంల ఉరకాలంటే పొద్దుగాల ఐదు గొట్టకముందే షురూ చేయాలె. ఆరు దాటిందంటే షిఫ్టు బస్సులు, లారీలు మోపైతయ్, రోడ్డు మనది కాదు. డిగ్రీల ఉన్నప్పుడు నేను, నా దోస్తు ఇద్దరం గా రోడ్ల మీదనే 1500 మీటర్లకు తయారైనం. ఒకరోజు వాడు ముందట, ఒకరోజు నేను.

కాలేజి సెలక్షన్ల ఇద్దరికే జాగ. ఒకటి సీనియర్ అన్నకు ఖాయమే, మిగిలింది ఒక్కటి. తలో చుట్టు ముందటుందామని మాట అనుకున్నం. మొదటి చుట్టు వాడు గుంజిండు. రెండోది నాది, నేను ముందటికి పోలే. మూడోది గూడ వాడే గుంజిండు. ఆఖరి 150 మీటర్లల పక్కకెల్లి దాటేసిన. సర్టిఫికెట్ నాకొచ్చింది. నెల రోజులు వాడు నాతోటి మాట్లాడలే.

రూల్ ప్రకారం నేను తప్పు చేయలే. కాని ముందట ఉరుకుడంటే ఏందో సమజైతే గా కోపం సమజైతది. స్పీడు పెరిగినకొద్ది గాలి అడ్డం కొడ్తది. ఆ దెబ్బ ముందటోనికే ఎక్కువ, ఎనకున్నోనికి ఊపిరి మిగుల్తది. స్పీడు లెక్క గూడ ముందటోడే చూసుకోవాలె. ఎనకటోడు వాని మడిమెలు చూసుకుంట పోతె సాలు. ఒక్కనివే ఉరికితే రాని టైమింగు జతగాడుంటే వచ్చేది గిందుకే.

1954 మే 6 నాడు ఇంగ్లండుల రోజర్ బానిస్టర్ అని మెడిసిన్ సదివెటాయన మైలు దూరం 3 నిమిషాల 59.4 సెకన్లల ఉరికిండు. నాలుగు నిమిషాల లోపట ఉరికిన మొదటి మనిషి. రెండు చుట్లు దాటేదాంక క్రిస్ బ్రాషర్ ముందటుండి గుంజిండు, ఆనక క్రిస్ చాటవే అందుకున్నడు, ఆఖరికి బానిస్టర్ దాటేసిండు. నేను చేసింది గూడ చూడనీకె గట్లనే ఉంటది. ఫరక్ ఏందంటే వాళ్ల నడుమ మాట ముందే అయింది, మాట ప్రకారమే నడిచింది. మిగిలిన ఇద్దరు ఏం నష్టపోలే. చాటవే అదే ఏడు 5000 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టిండు, బ్రాషర్ 1956 ఒలింపిక్స్‌ల స్టీపుల్‌చేజ్ గోల్డ్ తెచ్చుకున్నడు.

మన దగ్గర కానిస్టేబుల్ కొలువులకు తయారయ్యెటోళ్లను చూడుండ్రి. 2022 నోటిఫికేషన్ల మగోళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. ఆ టైం లోపట వచ్చినోళ్లంత గా రన్నింగుల పాసే. పక్కోడు పాసైతే నీ జాగ పోదు. గందుకే ఒకలనొకలు గుంజుకపోతరు, ఎనకవడ్డోన్ని తిట్టి మరీ ఉరికిస్తరు. రాత పరీక్ష కాడ పోటీ మల్ల ఉండనే ఉన్నది, అది వేరే ముచ్చట.

అదే ఒక్క జాగ కోసం కొట్లాట అయితే మనసులు ఇరుకైతయ్. 2023ల హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌ల మన గురుకులం బిడ్డ నందిని అగసరకు హెప్టాథ్లాన్‌ల 5712 పాయింట్లతోటి బ్రాంజ్ వచ్చింది. నాలుగో జాగల 5708 తోటి స్వప్న బర్మన్. ఇద్దరివి ఇండియా జెర్సీలే, నడుమ నాలుగు పాయింట్లు. ఆనక సోషల్ మీడియాల ఎంత లొల్లి అయ్యిందో మీకు ఎరికే. ఏడు ఆటలు రెండు రోజులు ఆడి, ఆఖరి 800 మీటర్లు కాంగనే పోటీవడ్డోళ్లంత చేతులు పట్టుకొని నిలవడే ఆట అది.

కాలేజీల పీడీ సార్లకు నాదొక్కటే మనవి. ఒక్క రేసు పెట్టి ఒక్కన్ని ఏరుడు బంద్ చేయుండ్రి. రెండు మూడు రోజుల టైమింగులు చూడుండ్రి. అప్పుడు దోస్తు ఎనక దాక్కుంటే లాభం తక్కువ, కలిసి ఉరికితే ఇద్దరి టైమింగు మంచిగైతది. సర్టిఫికెట్ మీద కొలువు ఆశ ఉన్న పోరగాండ్లు, ఒక్క సెకను కోసం దోస్తానాలు తెంపుకుంటున్నరు.

నా దోస్తు ఇప్పుడు ఈడనే ఒక కంపెనీల చేస్తున్నడు. ఆదివారం గ్రౌండ్ల పోలీసుకు తయారయ్యే పోరగాండ్లను ముందటుండి ఉరికిస్తడు. మొన్న నేను గూడ పోయిన. "తలో చుట్టు," అన్నడు నవ్వుకుంట. పాత బాకీ కలిపి మొదటి రెండు చుట్లు నేనే గుంజిన.