గ్యాస్ సిలిండర్ల మరమ్మతు, పీడన పరీక్ష: నియమావళి – హైదరాబాదు పాతబస్తీ నేపథ్యం

వ్యాస సంగ్రహం:
వంటగ్యాస్, ఆక్సిజన్, సీఎన్‌జీ సిలిండర్లను నిర్ణీత కాలవ్యవధిలో పరీక్షించాలని, గుర్తింపు పొందిన సంస్థలు మాత్రమే మరమ్మతు చేయాలని గ్యాస్ సిలిండర్ల నియమావళి, 2016 నిర్దేశిస్తున్నది. ఈ నియమాల సారాన్ని, వాటి వెనుక ఉన్న శాస్త్రీయ కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సిలిండర్ భద్రతకు ప్రధాన బాధ్యుడు దానిని నింపేవాడేనన్నది నియమావళికి మూలసూత్రం. పాతబస్తీ వంటి జనసమ్మర్ద ప్రాంతాలలో చిన్న సిలిండర్ల అనధికార రీఫిల్లింగ్ ఈ సూత్రాన్నే దెబ్బతీస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలక పదాలు: గ్యాస్ సిలిండర్, జలపీడన పరీక్ష, పెసో, ఎల్‌పీజీ, రీఫిల్లింగ్, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం:
చార్మినార్ పరిసరాల్లోని గల్లీలలో నివాసం, వ్యాపారం ఒకే కప్పు కింద సాగుతాయి. కింద హోటలో, వెల్డింగ్ దుకాణమో ఉంటుంది. పై అంతస్తులో కుటుంబాలు ఉంటాయి. వంటింట్లో ఎర్ర సిలిండర్, హోటల్లో నీలిరంగు సిలిండర్, వెల్డింగ్ దుకాణంలో నల్లని ఆక్సిజన్ సిలిండర్, ఆటోలో సీఎన్‌జీ సిలిండర్ – ఇవన్నీ కొద్ది అడుగుల దూరంలో కనిపిస్తాయి. వీటిలో ఒక్కటి విఫలమైనా దాని ప్రభావం దుకాణందారుకే పరిమితం కాదు. అయినా సిలిండరును ఎప్పుడు పరీక్షించారు, ఎవరు పరీక్షించారు అన్న ప్రశ్న సామాన్య వినియోగదారు నోట అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు నియమావళి చెప్పే సమాధానాన్ని తెలుసుకోవడం ఇక్కడి అవసరం.

2. చట్టపరమైన నేపథ్యం:
భారతదేశంలో గ్యాస్ సిలిండర్ల నియంత్రణకు ఆధారం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం. లోహపాత్రలో సంపీడనం చేసిన వాయువును 1938లో ఈ చట్టం పరిధిలోకి తెచ్చారు. తొలి సిలిండర్ నియమాలు 1940లో వచ్చాయి. వాటి స్థానంలో వరుసగా 1981, 2004, 2016 సంవత్సరాల నియమావళులు అమలులోకి వచ్చాయి. వీటిని అమలు పరిచేది నాగపూర్ ప్రధాన కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. దీనినే సంక్షిప్తంగా ‘పెసో’ అంటారు. సిలిండర్ తయారీకి, నింపడానికి, పరీక్షా కేంద్రం నడపడానికి ఈ సంస్థ ఆమోదం తప్పనిసరి. సాంకేతిక ప్రమాణాలను భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందిస్తుంది. ఉదాహరణకు వంటగ్యాస్ సిలిండర్ల తయారీకి ఐఎస్ 3196, అతుకులేని ఉక్కు సిలిండర్ల తయారీకి ఐఎస్ 7285 ప్రమాణాలు వర్తిస్తాయి.

3. పీడన పరీక్ష – విధానం, కాలవ్యవధి:
పీడన పరీక్షకు గాలికి బదులు నీటిని వాడడానికి ఒక కారణం ఉంది. నీరు దాదాపు సంపీడనం చెందదు. కాబట్టి పరీక్ష మధ్యలో సిలిండర్ పగిలినా విడుదలయ్యే శక్తి స్వల్పం. అదే పీడనంలో గాలిని నింపితే సిలిండర్ పగిలినప్పుడు అది బాంబులా పనిచేస్తుంది.

వంటగ్యాస్ సిలిండరును చదరపు సెంటీమీటరుకు సుమారు 25 కిలోల జలపీడనం వద్ద పరీక్షిస్తారు. ఉబ్బు, చెమ్మ, కారడం వంటి లోపాలేవీ కనిపించరాదు. కొత్త సిలిండరుకు 10 సంవత్సరాల తరువాత, ఆపై ప్రతి 5 సంవత్సరాలకు ఒకసారి ఈ పరీక్ష జరగాలి.

ఆక్సిజన్ వంటి వాయువులను చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 కిలోల పీడనంతో నింపుతారు. ఇటువంటి సిలిండర్లకు జలపీడన వ్యాకోచ పరీక్ష అవసరం. సిలిండరును నీటితో నిండిన తొడుగులో ఉంచి, సుమారు 250 కిలోల పీడనం కలిగించి, అది ఎంత సాగిందో కొలుస్తారు. పీడనం తొలగించాక ఉక్కు తిరిగి పూర్వస్థితికి రావాలి. తిరిగి రాని భాగం, అంటే శాశ్వత వ్యాకోచం, మొత్తం వ్యాకోచంలో 10 శాతానికి మించితే ఆ సిలిండర్ పనికిరాదు. ఆక్సిజన్ సిలిండర్లకు ఈ పరీక్ష 5 సంవత్సరాలకు, వాహనాల సీఎన్‌జీ సిలిండర్లకు 3 సంవత్సరాలకు ఒకసారి జరపాలి. ఎసిటిలీన్ సిలిండర్ లోపల సచ్ఛిద్ర పదార్థం నిండి ఉంటుంది. అందువల్ల దానికి నీటి పరీక్ష వర్తించదు. వేరే తనిఖీ విధానం ఉంది.

వంటగ్యాస్ సిలిండర్ పై భాగంలోని నిలువు పట్టీలలో ఒకదాని లోపలివైపు ‘బీ-28’ వంటి గుర్తు ఉంటుంది. ఏ, బీ, సీ, డీ అక్షరాలు సంవత్సరంలోని నాలుగు త్రైమాసికాలను, అంకె సంవత్సరాన్ని సూచిస్తాయి. ‘బీ-28’ అంటే 2028 ఏప్రిల్–జూన్ నాటికి తదుపరి పరీక్ష జరగాలని అర్థం. దీనిని చాలామంది సిలిండర్ ‘ఎక్స్‌పైరీ తేదీ’గా పొరబడుతుంటారు. ఆ గడువు దాటిన సిలిండరును పరీక్షించకుండా మళ్లీ నింపరాదన్నదే ఆ గుర్తు సారాంశం. అంటే గుర్తును చదవవలసిన బాధ్యత మొదట నింపేవానిది, ఆ తరువాతే వినియోగదారునిది.

4. మరమ్మతుకు గల పరిమితులు:
వాల్వ్ మార్పు, పాదవలయం సరిచేయడం, రంగు వేయడం వంటి పనులు నిర్వహణ కిందికి వస్తాయి. వీటిని కూడా సిలిండర్ పూర్తిగా ఖాళీ అయిన తరువాత, తగిన వసతులున్న చోటనే చేయాలి. సిలిండర్ దేహంపై వెల్డింగ్ చేయడం పూర్తిగా వేరే విషయం. వెల్డింగ్ వేడి అతుకు చుట్టూ ఉన్న ఉక్కు స్వభావాన్ని మార్చి, లోపల ఒత్తిళ్లను మిగుల్చుతుంది. అందువల్ల అతుకు గల సిలిండరుకు అనుమతించిన మరమ్మతు చేసిన తరువాత ఉష్ణోపచారం, జలపీడన పరీక్ష తప్పనిసరి. అతుకులేని సిలిండర్ బలం తయారీ సమయంలోని ఉష్ణోపచారం నుండే వస్తుంది. దాని దేహంలో ఏర్పడిన చిల్లును వెల్డింగుతో పూడ్చడం నిషిద్ధం. మంటకు గురైన సిలిండరును కూడా తగిన పరీక్షలు లేకుండా మళ్లీ వాడరాదు.

తుప్పు వల్ల లోహం కరిగితే సిలిండర్ ఖాళీ బరువు తగ్గుతుంది. ఈ తగ్గుదల 5 శాతం మించితే దానిని నిరాకరించాలి. 15.3 కిలోల ఖాళీ బరువు చెక్కి ఉన్న సిలిండర్ 765 గ్రాములకు మించి తగ్గితే ఇక అది వాడుకకు తగదు. నిరాకరించిన సిలిండరును చదును చేసి గానీ, తిరిగి అతకడానికి వీలుకాని ముక్కలుగా కోసి గానీ నాశనం చేయాలి. పాత ఇనుము దుకాణం నుండి అది మళ్లీ వాడుకలోకి రాకూడదన్నదే ఈ నియమం ఉద్దేశం.

ఒక వాయువు సిలిండరులో వేరొక వాయువును నింపడానికి కూడా అనుమతి కావాలి. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో ఉద్ధృతి సమయంలో ఆక్సిజన్ కొరత ఏర్పడగా, నైట్రోజన్, ఆర్గాన్ సిలిండర్లను ఆక్సిజన్ కోసం మార్చుకోవడానికి పెసో అనుమతించింది. అటువంటి మార్పులో లోపలి శుద్ధి, వాల్వ్ మార్పు, రంగు మార్పు కీలకం. సిలిండరులో మిగిలిన కొద్దిపాటి నూనె కూడా అధిక పీడనం గల ఆక్సిజన్ తాకిడికి అంటుకోగలదు.

5. పాతబస్తీలో బాధ్యత తెగిపోయే చోటు:
ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్ చమురు కంపెనీ ఆస్తి. వినియోగదారుడు డిపాజిట్ మాత్రమే చెల్లిస్తాడు. ఖాళీ అయిన ప్రతిసారీ అది బాట్లింగ్ ప్లాంటుకు తిరిగి చేరుతుంది. అక్కడ గడువు తేదీ, బరువు, వాల్వ్ తనిఖీకి లోనవుతాయి. ఈ విధంగా సిలిండర్ చరిత్ర ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది.

అద్దె గదులలో నివసించే వలస కార్మికులు, విద్యార్థులు, తోపుడుబండ్ల వ్యాపారులు వాడే చిన్న సిలిండర్ల సంగతి ఇందుకు భిన్నం. ఇంటి సిలిండర్ నుండి చిన్న సిలిండర్లలోకి గ్యాస్ ఎక్కించే కేంద్రాలపై పోలీసులు దాడులు చేసిన వార్తలు పత్రికలలో తరచు కనిపిస్తాయి. నిత్యావసర వస్తువుల చట్టం కింద వెలువడిన 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు కూడా ఇటువంటి బదిలీని నిషేధిస్తున్నది.

ఇక్కడ ప్రమాదం రెండు విధాలు. మొదటిది, సిలిండర్ స్థితిని పరీక్షించేవారు లేరు. రెండవది, ఎంత నింపారో తూచేవారు లేరు. ద్రవ రూపంలోని ఎల్‌పీజీ వేడికి వ్యాకోచిస్తుంది. అందుకే 33.3 లీటర్ల సామర్థ్యం గల సిలిండరులో 14.2 కిలోలే నింపి, పైన ఆవిరికి ఖాళీ ఉంచుతారు. ఆ ఖాళీ లేకుండా నిండిన చిన్న సిలిండర్ 40 డిగ్రీలు దాటే హైదరాబాదు వేసవిలో రేకు కప్పు గదిలో ఉంటే, లోపలి పీడనం పరీక్షా పీడనాన్ని సైతం మించగలదు. అప్పుడు ఎంత మంచి ఉక్కు అయినా నిలువజాలదు.

దాడులు, అరెస్టులు ఈ అవసరాన్ని తొలగించలేవు. చిరునామా రుజువు చూపలేని పేదవానికి వంట ఆగదు. 2013 నుండి బహిరంగ మార్కెట్ ధరకు లభిస్తున్న 5 కిలోల సిలిండర్లు ఈ అవసరాన్ని తీర్చడానికే వచ్చాయి. నింపేవాడు, పరీక్షించేవాడు ఎవరో తెలిసిన చిన్న సిలిండర్ అది. అయితే వంద రూపాయలకో రెండు వందలకో సరిపడా గ్యాస్ కొనగలిగే వెసులుబాటు అందులో లేదు. అనధికార రీఫిల్లింగ్ నిలదొక్కుకున్నది ఆ వెసులుబాటు మీదనే.

6. ముగింపు:
పై చర్చ వల్ల మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, పీడన పరీక్ష సిలిండర్ జీవితమంతా కొనసాగే నమోదు ప్రక్రియ. రెండు, మరమ్మతుపై ఉన్న ఆంక్షలకు లోహశాస్త్రమే ఆధారం. మూడు, నింపేవాడు అజ్ఞాతంగా ఉన్నచోట నియమావళిలోని ఏ రక్షణా పనిచేయదు. ఈ నియమాలు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీ భాషలలో ఉన్నాయి. పాతబస్తీ దుకాణాలకు, ఇళ్లకు అవి తెలుగులోను, ఉర్దూలోను చేరాలి. పట్టీ మీది అక్షరాన్ని, అంకెను చదవడం నేర్పడానికి కళాశాల విజ్ఞానశాస్త్ర విభాగాలకు ఒక్క పూట చాలు. సురక్షితమైన చిన్న సిలిండర్ చవకగా, చేరువలో దొరికేలా చూడడం మాత్రం పాలకుల బాధ్యత.