డైపరు తడిచెత్తా, పొడిచెత్తా?

పిల్లలూ, మిమ్మల్ని ఒక చిక్కుప్రశ్న అడుగుతాను. మీ చంటితమ్ముడికి వేసి విప్పిన డైపరు తడిచెత్తా, పొడిచెత్తా?

"ఇందులో చిక్కేముంది? తడిసి ముద్దయింది గనక తడిచెత్తే!" అంటారు మీరు. నా మనవరాలు కూడా అట్లాగే అన్నది. కాని 2016లో మనదేశంలో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు తీసి చూస్తే, డైపరును పొడిచెత్తలో చేర్చి ఉన్నారు. ఈ సంగతి చెప్పగానే ఆ పిల్ల పకపకా నవ్వి, "అవి రాసినవాళ్ళు డైపరును ఎన్నడూ ముట్టుకోలేదు కాబోలు, తాతయ్యా!" అన్నది.

నిజానికి వాళ్ళు పొరపాటు పడలేదు. చెత్త విషయంలో తడి, పొడి అనే మాటలకు నీటితో పని లేదు. సూక్ష్మజీవులు తిని, కుళ్ళబెట్టి, మట్టిలో కలపగలిగినదే తడిచెత్త. అరటితొక్క ఎండలో పడి చెక్కలాగా బిగుసుకుపోయినా తడిచెత్తే. ప్లాస్టిక్ సీసా వానలో రాత్రంతా నానినా పొడిచెత్తే. డైపరులో ప్లాస్టిక్ పొర ఉంటుంది, నీటిని పీల్చుకునే రసాయనపు పొడి ఉంటుంది. వాటిని ఏ సూక్ష్మజీవీ అంత సులభంగా ముట్టదు. అందుకని దాన్ని అటువైపుకు తోశారు.

కొబ్బరిచిప్ప మాటేమిటని అడిగేవాళ్ళు మీలో తప్పక ఉంటారు. అది ఎప్పటికైనా కుళ్ళుతుంది గనక, లెక్కప్రకారం తడిచెత్తే. అయితే దానికి తొందర లేదు. కూరగాయల తొక్కలు ఎరువైపోయిన తరువాత కూడా అది రాయిలాగా అట్లాగే కూర్చుని ఉంటుంది!

పేర్లు పెట్టడానికి ఇంత తర్కం దేనికి? చెత్త ఎక్కడికి పోవాలో పేరును బట్టే తేలుతుంది గనక. తడిచెత్త ఎరువు గుంటకు పోతుంది. పొడిచెత్తలో కాగితం, అట్ట, రేకు, సీసా మళ్ళీ సరుకుగా మారడానికి పోతాయి. రెండూ కలిపేశామా, సాంబారు అంటిన కాగితం ఎవరికీ పనికిరాదు, గాజుపెంకులు కలిసిన ఎరువును ఏ రైతూ పొలంలో చల్లడు. ఇక అంతా ఊరిబయట గుట్టకు చేరవలసిందే. ఆ గుట్ట అడుగున గాలి తగలక కుళ్ళినదానిలోనుంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది మండే వాయువు. గుట్టలు అంటుకుని రోజుల తరబడి పొగలు కక్కేది అందువల్లనే.

ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. 1994లో గుజరాత్‌లోని సూరత్ నగరంలో ప్లేగు చెలరేగింది. వరదనీరూ, ఎత్తని చెత్తా కలిసి వీధులు పాడైన రోజులవి. జనం లక్షలాదిగా ఊరు విడిచి పారిపోయారు. తరువాత 1996లో అల్మిత్రా పటేల్ అనే బెంగుళూరు ఇంజనీరు సుప్రీంకోర్టుకు వెళ్ళి, పట్టణాల చెత్తకు ఒక పద్ధతి ఏర్పరచాలని వ్యాజ్యం వేశారు. 2000లో దేశమంతటికీ నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో వచ్చినవే నేను పైన చెప్పిన 2016 నియమాలు.

ఈ 2016 నియమాలు తడి, పొడితో ఆగలేదు. ఇంట్లో పుట్టే ప్రమాదకర వ్యర్థం అని మూడోదాన్ని కూడా విడదీశాయి. కాలం తీరిన మందులు, పురుగుమందుల డబ్బాలు, వాడిన సూదులు, పగిలిన పాదరసపు థర్మామీటర్లు, ట్యూబులైట్లు ఇందులో చేరతాయి. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021లో ఆకుపచ్చ, నీలం బుట్టలతోపాటు ఎర్రబుట్ట కూడా పంచినది దీనికోసమే.

ట్యూబులైటు అనగానే నాకు తలవంపుగా ఉంటుంది. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజులలో ఒకనాడు తరగతిలో మాడిపోయిన ట్యూబులైటు కిందపడి పగిలింది. పెంకులు ఊడ్పించి, కాగితాల బుట్టలోనే వేయించాను. సాయంకాలం చెత్త ఎత్తడానికి వచ్చిన ఆమె బుట్టలో చెయ్యి పెట్టింది. అరచెయ్యి నిలువునా తెగింది. కట్టు కడుతూ ఉంటే ఆమె నన్ను తిట్టలేదు. "గాజు ఉందని ఒక్కమాట చెబితే పోయేదిగదయ్యా," అన్నది. పాఠం చెప్పడమే పనిగా బతికిన నేను ఆ ఒక్కమాట చెప్పలేదు.

మందుసీసా కూడా గాజే, ట్యూబులైటూ గాజే. సీసా కరిగిస్తే మళ్ళీ సీసా అవుతుంది. ట్యూబులైటులో మాత్రం కొంచెం పాదరసం ఉంటుంది. పగిలితే అది ఆవిరిగా గాలిలోకి వస్తుంది. చూడడానికి ఒకేరకంగా ఉన్న రెండు వస్తువులు వేరువేరు పద్దులలో పడ్డది అందుకే.

మరి డైపరు? దాని పేరు మళ్ళీ మారింది. 2026 జనవరిలో ప్రకటించిన కొత్త నియమాలు చెత్తను నాలుగు రకాలుగా విడదీశాయి. తడి, పొడి, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది, వీటికి తోడు పారిశుద్ధ్య వ్యర్థం అని ఒకటి. డైపరు ఈ చివరిదానిలో చేరింది. దాన్ని బాగా చుట్టి, వేరుగా ఉంచి ఇవ్వాలి. కాగితాలూ అట్టలూ ఏరేవాళ్ళ చేతికి మలం అంటకూడదు గదా!

ఈ సంగతి చెబితే మా మనవరాలు, "అయితే నేను చెప్పింది సగం నిజమేగా తాతయ్యా, అది పొడి కాదుగా!" అన్నది. తరువాత పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, తమ్ముడి డైపరు చుట్టడానికి వాళ్ళమ్మకు ఇచ్చి వచ్చింది.