తొందర, రహస్యము, గిఫ్టు కార్డు

హైదరాబాదు కోఠి బ్యాంకు వీధిలో నవంబరు మాసము విశ్రాంతోద్యోగుల మాసము. తాము సజీవులమై యున్నామని ఏటేటా నిరూపించుకొను లైఫ్ సర్టిఫికెట్టును సమర్పించుటకై, ఒకరు మనుమని భుజము పట్టుకొని, మరియొకరు చేతికఱ్ఱ ఊతముగా వచ్చు ఆ పెద్దలలో ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన పంతుళ్లును, సచివాలయమున దస్త్రములు నడిపిన సూపరింటెండెంట్లును, ప్రభుత్వాసుపత్రులలో రాత్రింబవళ్లు సేవచేసిన నర్సులును కలరు. జీవన్ ప్రమాణ్ పేరిట ఈ పత్రమును వేలిముద్రతో ఆన్‌లైన్‌లో సమర్పించు సౌకర్యము 2014లో ఏర్పడి వారి శ్రమను కొంత తగ్గించినది. కాని పింఛనుదారుల పంచాంగము వంచకులకును కంఠస్థమే. "మీ లైఫ్ సర్టిఫికెట్టు అప్‌డేట్ కాలేదండీ, ఓటీపీ వచ్చింది చూడండి, చెప్పకపోతే ఈ నెల పింఛను ఆగిపోతుంది" అని మర్యాదగా పలుకు ఆ కంఠము, ఉద్యోగమున చేరిన తేదీని, విరమించిన తేదీని, పీపీవో యను పింఛను ఉత్తరువు సంఖ్యను సైతము తానే చదివి వినిపించును. ఇన్ని వివరములు తెలిసినవాడు ప్రభుత్వోద్యోగి కాక మరెవ్వడని వృద్ధుడు తలంచుటలో ఆశ్చర్యమేమున్నది?

వృద్ధులను దోచుకొను ఉపాయములు వేషములు మార్చుచుండును గాని వాని లోపలి నిర్మాణము ఒక్కటే. ఆ నిర్మాణమును విస్పష్టముగా చూపునది గిఫ్టు కార్డు మోసము గనుక ముందు దానినే పరిశీలింతము.

గిఫ్టు కార్డు పుట్టుకచేత నిర్దోషమైన వస్తువు. శుభకార్యమునాడు కవరులో పెట్టి చదివించు నూటపదహార్ల వంటిది. ఐదువందలకో ఐదువేలకో విలువకట్టి అమ్ముదురు. గీకినచో బయటపడు సంకేతసంఖ్యను, లేక ఫోనునకు వచ్చిన సంఖ్యను, యాప్‌లో నమోదు చేసినవారికి ఆ విలువగల వస్తువులు లభించును. ఒక సంస్థ కేవలము తన సరకుల కొనుగోలుకే చెల్లునట్లు ఇచ్చు కార్డు, 2007 నాటి చెల్లింపుల చట్టము క్రింద రిజర్వు బ్యాంకు అనుమతి పొందనక్కఱలేని తరగతికి చెందినది. బ్యాంకులు మొదలైనవి ఇచ్చు గిఫ్టు కార్డులకు మాత్రము ఒక్కొక్కదానికి 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి కలదు. చిన్నచిన్న విలువలుగల కార్డులను అనేకముగా కొనిపించుట వంచకుల వాడుక.

ఈ కార్డుపై వంచకులకు ఇంత మక్కువ యేల? బ్యాంకు ఖాతాకు పంపిన సొమ్మునకు ఒక జాడ యుండును. ఆ ఖాతాకు పేరు, చిరునామా ఉండును. సకాలమున ఫిర్యాదు అందినచో మధ్యలో నిలుపవచ్చును. సంకేతసంఖ్యకు ఇవి యేవియు లేవు. దానిని ఎవ్వరు ముందుగా వాడుకొందురో సొమ్ము వారిదే. వృద్ధుడు కార్డు వెనుకభాగమును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిన నిమిషములలోనే అది మరియొక ఖాతాలోనికి చేరును, లేదా తక్కువ ధరకు ఇంకొకరికి అమ్ముడుపోవును. ఇచట పాఠకులు ఒక్క వాక్యమును గట్టిగా గుర్తుంచుకొనవలెను: ఏ ప్రభుత్వశాఖయు, ఏ బ్యాంకును, ఏ న్యాయస్థానమును పన్నునుగాని జరిమానానుగాని గిఫ్టు కార్డుల రూపమున స్వీకరింపదు. అట్లు అడిగినవాడు ఎంతటి పదవి పేరు చెప్పినను మోసగాడే.

పదవి పేరు చెప్పుటలోనే ఈ విద్య కీలకమంతయు నున్నది. కోఠికి అనతిదూరమున, మూసీ యొడ్డున వెలసిన మన ఉన్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి ఛాయాచిత్రమును 2022లో ఎవడో తన వాట్సాప్‌లో పెట్టుకొని, అత్యవసరముగా అమెజాన్ గిఫ్టు కార్డులు కావలెనని సందేశము పంపగా, న్యాయశాఖలోని ఒక ఉద్యోగి దానిని నమ్మి రెండు లక్షల రూపాయలు పోగొట్టుకొనెను. ఆయన నిరక్షరాస్యుడు కాడు. చట్టముల నడుమ పనిచేయువాడు. యేల్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో ఆరంభించిన సుప్రసిద్ధ ప్రయోగములలో మొదటిదానియందు, బూడిదరంగు కోటు ధరించిన అధికారి ఆజ్ఞ మేరకు 40 మందిలో 26 మంది, ప్రక్కగదిలోని మనుష్యునికి విద్యుదాఘాతము నిచ్చుచున్నామని నమ్మియు, మీటను కడపటి అంకె వరకు నొక్కిరి. ఆ ప్రయోగమున అధికారి కనులయెదుట నిలిచి యుండెను. నేడు ఒక చిన్న ఫోటోయే ఆ పని చేయుచున్నది. అందును, పై అధికారి పిలిచినంతనే లేచి నిలుచుట జీవితమంతయు అలవాటైన మన విశ్రాంతోద్యోగులపై దాని ప్రభావము ఎంతటిదో ఊహింపవచ్చును.

అమెరికాలో ఈ వ్యాధి మరింత ముదిరినది. అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషనుకు అందిన ఫిర్యాదుల ప్రకారము 2023లో గిఫ్టు కార్డులు, తత్సమానమైన కార్డుల ద్వారా ప్రజలు పోగొట్టుకొన్నది 21 కోట్ల 70 లక్షల డాలర్లు. "పన్ను బకాయి కట్టలేదు, పోలీసులు బయలుదేరినారు" అనునది ఒక పాట. "తాతా, నేను జైల్లో ఉన్నాను, నాన్నకు చెప్పకు" అనునది మరియొకటి. ఆ ఫోనుల వెనుక ఉన్న కంఠములలో కొన్ని మన బిడ్డలవే యని చెప్పుకొనవలసి వచ్చుట దుఃఖకరము. 2016 అక్టోబరులో ఠాణె జిల్లా మీరారోడ్డున పోలీసులు దాడిచేసిన కాల్ సెంటర్లలో వందలకొలది యువకులు అమెరికను పన్నుల అధికారులుగా నటించుచు పట్టుబడిరి. 2025లో మన మాదాపూరునందే అట్టి నకిలీ కాల్ సెంటరును తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పట్టుకొన్నది. కావున అమెరికాలో పిల్లలయొద్ద ఆరునెలలు గడపబోవు మన పెద్దలు, అచట భారతీయుని గొంతు వినబడినంతమాత్రమున మనవాడని నమ్మరాదు.

మన నగరమున పెద్దలను చుట్టుముట్టినది ప్రధానముగా "డిజిటల్ అరెస్టు" అను రూపము. మీ పేర వచ్చిన కొరియరులో మాదకద్రవ్యములు దొరికినవనియో, మీ ఆధార్‌తో నల్లధనము చేతులు మారినదనియో బెదరించి, వీడియో కాలులో ఖాకీ దుస్తులు చూపి, గంటలతరబడి, దినములతరబడి ఫోను పెట్టేయనీయక బంధించుట దాని పద్ధతి. 2025 సెప్టెంబరులో హైదరాబాదులో 76 ఏండ్ల విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలొకరు ఇట్లు సుమారు మూడు దినములు నలిగి, ఆరున్నర లక్షలకు పైగా సమర్పించుకొని, గుండెపోటుతో కన్నుమూసిరి. ఎందరికో ప్రాణభిక్ష పెట్టిన ఆ తల్లి ఇట్లు బెదిరి మరణించుట తలచుకొన్నప్పుడు, దీనిని "చిల్లర మోసము" అనువారిపై నాకు కోపము వచ్చును. హర్యానాలోని అంబాలా వృద్ధదంపతుల ఫిర్యాదుపై సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తనంతట తానే విచారణ చేపట్టి, డిసెంబరు 1న ఈ నేరముల దర్యాప్తును సీబీఐకి అప్పగించినది. మన చట్టములలో డిజిటల్ అరెస్టు అనునది లేనేలేదు. పైగా 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 179వ సెక్షను, అరువదియేండ్లు దాటిన పురుషుని, ఏ వయస్సు స్త్రీనైనను, సాక్ష్యమునకై వారి నివాసమునకు వెలుపల ఎచ్చటికిని రమ్మని పోలీసులు నిర్బంధింపరాదని చెప్పుచున్నది. నిజమైన చట్టము వృద్ధాప్యమునకు ఇంతటి గౌరవమిచ్చినదని ఎంతమంది పెద్దలకు తెలియును?

ఇక శాస్త్రము చెప్పునది వినుడు. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున షెల్లీ టేలర్ ప్రభృతులు 2012లో ప్రకటించిన పరిశోధనలో యువకులకును వృద్ధులకును కొన్ని ముఖముల ఛాయాచిత్రములు చూపిరి. నమ్మదగనివిగా తోచు ముఖములను యువకులు శంకింపగా, వృద్ధులు వానిని మరికొంత నమ్మదగినవిగా ఎంచిరి. "ఏదో తేడాగా ఉందే" అను లోలోపలి శంకతో సంబంధముగల ఇన్సులా యను మస్తిష్కభాగము వారిలో తక్కువగా స్పందించినది. స్టాన్‌ఫర్డు పరిశోధకులు 2018లో మరియొక సంగతి కనుగొనిరి: ఉత్సాహమునుగాని కోపమునుగాని ముందుగా రేకెత్తించినచో, అబద్ధపు ప్రకటనలలోని వస్తువులను కొనవలెనను కోరిక వృద్ధులలో పెరిగినది. అనగా లాటరీ తగిలినదన్న ఆనందమైనను, జైలు తప్పదన్న ఉద్వేగమైనను వంచకునకు సమానముగా ఉపయోగించును. తీవ్రమైన ఒత్తిడిలో, మంచిచెడ్డలు తూచు మెదడు ముందుభాగము పట్టు సడలుననుట నాడీశాస్త్రజ్ఞులు చిరకాలముగా చెప్పుచున్నదే. అందుచేత ఫోను వచ్చిన ఆ గంటలో పెద్దలకు తెలివి లేదనుటకంటె, తెలివిని వాడుకొను వ్యవధి లేకుండ చేయబడినదనుట సత్యము.

వయస్సొక్కటే కారణమని కూడ అనరాదు. అమెరికను లెక్కలలో డబ్బు పోయినదని చెప్పువారు వృద్ధులలోకంటె యువకులలోనే అధికము. ఐతే పోయినప్పుడు ఒక్కొక్క వృద్ధునకు పోవు మొత్తము పెద్దది, తిరిగి సంపాదించుకొను కాలము అతనికి లేదు. ఇంకొకటి కుటుంబములు గమనింపదగినది. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయమువారు మతిమరుపు వ్యాధి లేని 935 మంది వృద్ధులను సుమారు ఆరేండ్లు పరిశీలించి, మోసములను పసిగట్టు శక్తి తక్కువగా నున్నవారికి అటుపిమ్మట ఆల్జైమర్ వ్యాధి వచ్చు అవకాశము ఎక్కువగా నున్నదని 2019లో ప్రకటించిరి. కావున ఎన్నడును పైసా వృథా చేయని నాన్నగారు హఠాత్తుగా అపరిచితులకు సొమ్ము పంప మొదలిడినచో, ఆ నష్టమునకు మందలించుటకంటె ముందు నాడీవైద్యుని యొద్దకు తీసికొనిపోవుట మేలు.

చిన్న కోరికతో మొదలిడి పెద్దదానికి ఎక్కించుట ఈ వంచకుల మరియొక మెట్టు. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అను పరిశోధకులు కాలిఫోర్నియాలో కొందరు గృహస్థులను కిటికీలో ఒక చిన్న కాగితము అంటించుకొనుడని కోరిరి. అందుకు సరేయన్నవారిలో అత్యధికులు, తరువాత తమ ముంగిట వికారమైన పెద్ద బోర్డు పాతుటకును ఒప్పుకొనిరి. "ముందు ఐదువేల కార్డు ఒక్కటి పంపండి, వెరిఫికేషన్ అయ్యాక తిరిగొస్తుంది" అను మాట వెనుకనున్నది ఈ మనస్తత్వమే. ఒకమారు ఇచ్చినవాడు, ఇచ్చినది వ్యర్థమని ఒప్పుకొనజాలక, రెండవమారు ఇచ్చును.

ఐతే ఈ యంత్రము ఆగునా? ఆగును. 2024 నవంబరులో హైదరాబాదు ఏసీ గార్డ్స్ స్టేట్ బ్యాంకు శాఖలో జరిగినది చూడుడు. డిజిటల్ అరెస్టు బెదరింపున చిక్కిన 61 ఏండ్ల పిల్లల వైద్యుడొకరు తన డిపాజిట్లు తీసి 13 లక్షలు పంపవలెనని వచ్చిరి. ఆయన కంగారును గమనించిన ఉద్యోగిని కారణమడుగగా ఆస్తి కొనుచున్నాననిరి. కాగితములు చూపుడనిన చూపలేకపోయిరి. సిబ్బంది ఆయనను ఒకటికి రెండుమార్లు వెనుకకు పంపి, చివరకు 1930 అను సైబర్ నేరముల సహాయసంఖ్యకు ఫోను చేయించిన పిమ్మట సొమ్ము దక్కినది. ఆ వైద్యుని కాపాడినది ఏ యాపో కాదు; ఎదుట కూర్చుండి, తొందరపడక, "ఎందుకండీ?" యని అడిగిన ఒక మనుష్యురాలు. వంచకునకు కావలసినవి తొందర, రహస్యము. ఈ రెంటిని భంగపఱచిన ప్రతివాడును వానికి శత్రువే. అబిడ్స్‌లోని దుకాణదారు, ఫోను చెవినుండి తీయకనే వరుసగా కార్డులు కొనుచున్న పెద్దాయనను "అంకుల్, ఎవరికిస్తున్నారు ఇన్ని కార్డులు?" అని అడుగుట వ్యాపారధర్మమునకు విరుద్ధము కాదు.

ఇంటిలో అడుగవలసిన ప్రశ్న వేరు. "నీకు బుద్ధి లేదా నాన్నా?" అన్నంతనే ఆయన నోరు మూతపడును, వంచకుడు చెప్పిన "ఎవ్వరికీ చెప్పొద్దు" అను ఆజ్ఞకు మనమే బలము చేకూర్చినవార మగుదుము. దానికి మారుగా "నాన్నా, వాళ్లు ఎవరితోనూ చెప్పొద్దన్నారా? ఫోను పెట్టేయొద్దన్నారా?" అని అడిగినచో, ఆయన తప్పును వదలి వాని ఎత్తును గూర్చి మాటలాడినట్లగును. పెద్దల అనుమతితోనే, ముందుగానే కొన్ని ఏర్పాట్లు చేసికొనవచ్చును: రోజువారీ బదిలీ పరిమితిని తగ్గించుట, డిపాజిట్లను ఫోనుతో ముడిపడని ఖాతాలో నుంచుట, పెద్ద మొత్తమునకు ఇద్దరి సంతకములు కోరుట. అనుమతి లేకయే ఫోనును లాగికొని, పాసుపుస్తకమును దాచిపెట్టువారు దొంగ చేయునట్టి అవమానమునే మరియొక విధముగా చేయుచున్నారు.

మోసము జరిగిపోయినదని తెలిసినచో గంటలు కాదు, నిమిషములే విలువైనవి. వెంటనే 1930కి ఫోను చేయవలెను. కార్డును, బిల్లును పారవేయక, కార్డు ఇచ్చిన సంస్థకు తెలిపి మిగిలిన విలువను నిలుపుమని కోరవలెను. తనకు తెలియకయే ఖాతానుండి సొమ్ము పోయినచో మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపినవారికి 2017 నాటి రిజర్వు బ్యాంకు నియమములు రక్షణ నిచ్చుచున్నవి గాని, తన చేతులతో తానే పంపిన సొమ్మునకు అట్టి రక్షణ లేదు. ఈ లోపమును సవరింపవలెనని పింఛనుదారుల సంఘములు గట్టిగా అడుగవలసియున్నది. పోయిన సొమ్ము తిరిగి ఇప్పింతుమని, అందుకు రుసుము కట్టుడని కొలదిదినములకు వచ్చు ఫోను, తఱచుగా ఆ మొదటి దొంగలదే.

ఒంటరిగా నున్న పెద్దలకు సలహా చెప్పుటకు 14567 అను ఎల్డర్ లైన్ కలదు. దేశమంతట వ్యాపించిన ఈ సేవ 2017లో మొదలైనది మన హైదరాబాదులోనే. పాఠకులారా, ఈ ఆదివారము మీ ఇంటి పెద్దలయొద్ద కూర్చుండి, 1930, 14567 అను ఈ రెండు సంఖ్యలను వారికి కనబడునంత పెద్ద అక్షరములతో వ్రాసి ఫోను ప్రక్కన అంటించి, "ఏ వేళనైనా ముందు నాకొక ఫోను చెయ్యి, నేనేమీ అనను" అని మాట ఇవ్వుడు. ఇచ్చిన ఆ మాటను నిలుపుకొనుడు.