కనిపించే రంగు, కనిపించని జన్యువు: కార్న్ స్నేక్ వర్ణరకాలను వేరుపరచే విధానం

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలోని అడవి అంచులలోను, పొలాలలోను, ధాన్యపు కొట్టాల పరిసరాలలోను సంచరించే కార్న్ స్నేక్ విషరహిత సర్పం. మన పొలాలలోని జెర్రిపోతు వలె ఇది కూడా ఎలుకలను వేటాడి జీవిస్తుంది. 1766లో లిన్నేయస్ వర్ణించిన ఈ జాతిని నేడు పాంథెరోఫిస్ గుటాటస్ అని వ్యవహరిస్తున్నారు. పొట్ట మీది గళ్లు రంగుల మొక్కజొన్న గింజలను తలపించడం వలన ఈ పేరు వచ్చిందని కొందరు, మొక్కజొన్న గాదెల వద్ద తిరగడం వలన వచ్చిందని మరికొందరు చెబుతారు. నారింజ ఛాయ గల దేహంపై నల్లని అంచులున్న ఎర్రని మచ్చలు దీని సహజరూపం.

సాధుస్వభావం, సులభపోషణ కారణంగా ఈ సర్పం పాశ్చాత్య దేశాలలో పెంపుడు జీవిగా స్థిరపడింది. తరతరాల పెంపకంలో పదుల సంఖ్యలో వర్ణరకాలు వెలువడ్డాయి. వీటిలో కొన్ని ఒకదానినొకటి ఎంతగానో పోలి ఉంటాయి. పేరు తప్పుగా నిర్ణయిస్తే కొనుగోలుదారు నష్టపోవడంతో సమస్య ముగియదు. ఆ తప్పు సంతతి వివరాలలో చేరి తర్వాతి తరాలన్నింటికీ సంక్రమిస్తుంది. దృశ్యరూపానికి, జన్యురూపానికి గల అంతరాన్ని విద్యార్థులకు బోధించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణలు అరుదు.

రంగు ఏర్పడే తీరు

ఈ సర్పం చర్మంలో ముఖ్యంగా మూడు విధాలైన వర్ణకణాలుంటాయి. మెలనోఫోర్లు నలుపు, గోధుమ వర్ణాలను, జాంథోఫోర్లు పసుపు, ఎరుపు వర్ణాలను ఇస్తాయి. ఇరిడోఫోర్లలో వర్ణకం ఉండదు. వాటిలోని సూక్ష్మ స్ఫటికాలు కాంతిని పరావర్తనం చేస్తాయి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా సర్పం రంగు మారుతుంది.

నలుపు పూర్తిగా లోపించిన రకం అమెలనిస్టిక్. దీని కళ్లు ఎర్రగా ఉంటాయి. ఇటువంటి సర్పం ఒకటి 1953లో ఉత్తర కరోలినాలో దొరికింది. చర్మవ్యాధి నిపుణుడైన బెర్నార్డ్ బెక్టెల్ దాని వారసత్వాన్ని పెంపకం ద్వారా పరిశీలించి, ఇది సరళమైన అంతర్గత లక్షణమని 1962లో ప్రకటించారు. అర్ధ శతాబ్దం తరువాత, 2015లో, జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓసీఏ-2 అనే జన్యువులో ఒక రెట్రోట్రాన్స్‌పోజాన్ వచ్చి చేరడమే దీనికి కారణమని సూచించారు. మొక్కజొన్న గింజల రంగులను పరిశీలిస్తూ బార్బరా మెక్‌క్లింటాక్ కనుగొన్న చలించే జన్యుఖండాల విస్తృత వర్గానికే ఇదీ చెందుతుంది.

రెండు తెల్లని సర్పాలు

ఎరుపు లోపించిన రకాలలో అనెరిథ్రిస్టిక్, చార్‌కోల్ ప్రధానమైనవి. రెండూ బూడిద, నలుపు వర్ణాలలోనే ఉంటాయి. అయితే వాటికి కారణమైన జన్యువులు వేర్వేరు. అమెలనిస్టిక్ లక్షణం అనెరిథ్రిస్టిక్‌తో కలిసినప్పుడు ‘స్నో’, చార్‌కోల్‌తో కలిసినప్పుడు ‘బ్లిజర్డ్’ అనే తెల్లని రకాలు ఏర్పడతాయి.

వీటిని వేరుపరచడానికి పెంపకందార్లు మెడను చూస్తారు. అనెరిథ్రిస్టిక్, స్నో రకాలలో వయసు పెరిగేకొద్దీ గొంతు కింద, మెడ పక్కల పసుపు ఛాయ కనిపిస్తుంది. చార్‌కోల్, బ్లిజర్డ్ రకాలలో అది సాధారణంగా ఉండదు. కానీ గుడ్డు నుంచి అప్పుడే వెలువడిన పిల్లలో ఈ గుర్తు ఇంకా ఏర్పడదు. అమ్మకాలు ఎక్కువగా జరిగేది ఆ దశలోనే.

అసందిగ్ధమైన సమాధానం సంకరణం ద్వారా లభిస్తుంది. స్నోను బ్లిజర్డ్‌తో కలిపితే, వాటిలో ఇతర జన్యువులేవీ దాగి లేనప్పుడు, పిల్లలన్నీ ఎరుపు, నారింజ వర్ణాల అమెలనిస్టిక్‌లే అవుతాయి. తల్లిదండ్రులిద్దరూ తెలుపే అయినా తెల్లని పిల్ల ఒక్కటీ రాదు. ఒకరిలో లోపించిన జన్యువును మరొకరు పూరించడమే ఇందుకు కారణం. రెండు జన్యువులు స్వతంత్రంగా విడిపోతే, ఆ పిల్లల సంతతిలో ఎర్రనివి, తెల్లనివి 9:7 నిష్పత్తిలో రావాలి. బేట్‌సన్, పున్నెట్ స్వీట్ పీ పూలలో గమనించిన నిష్పత్తి ఇదే.

నలుపు తగ్గిన రకాలు

హైపోమెలనిస్టిక్, లావా, సన్‌కిస్డ్, అల్ట్రామెల్ రకాలలో నలుపు పూర్తిగా పోదు, తగ్గుతుంది. మొదటి మూడింటికి వేర్వేరు జన్యువులు కారణం. అల్ట్రామెల్ సంగతి భిన్నమైనది. అల్ట్రా అనేది అమెలనిస్టిక్ జన్యుస్థానంలోనే ఉండే మరొక యుగ్మవికల్పం. ఆ రెండు యుగ్మవికల్పాలూ చెరొకటి ఉన్న సర్పమే అల్ట్రామెల్. దానిని అమెలనిస్టిక్‌తో కలిపితే సంతతిలో సగం అమెలనిస్టిక్, సగం అల్ట్రామెల్ వస్తాయని ఆశించవచ్చు. శుద్ధమైన హైపోను అదే విధంగా కలిపితే అన్నీ సహజరూపంలోనే వస్తాయి.

ఎన్ని పిల్లలను చూస్తే నమ్మవచ్చు?

వాహకాలు రెండింటిని కలిపినప్పుడు పుట్టే సహజరూప పిల్లలలో మూడింట రెండు వంతులు వాహకాలు. మార్కెట్లో వీటిని ‘66 శాతం’ అని పేర్కొంటారు. ఈ అంకె ఆ సర్పం వాహకమయ్యే సంభావ్యతను తెలుపుతుందే తప్ప దాని శుద్ధతను కాదు. సందేహం తీరాలంటే అంతర్గత లక్షణం గల సర్పంతో పరీక్షా సంకరణం చేయాలి. వాహకమే అయితే వరుసగా 5 పిల్లలు సహజరూపంలో పుట్టే అవకాశం దాదాపు 3 శాతం. 7 పిల్లలకు అది 1 శాతం కంటే తక్కువ.

ఈ లెక్క కేవలం రంగుకే పరిమితం కాదు. సన్‌కిస్డ్ వంశాలలో ‘స్టార్‌గేజర్’ అనే నాడీసంబంధ లోపం గుర్తించబడింది. బాధిత సర్పం తల పైకి వంచి, సమతౌల్యం కోల్పోయి, కొన్నిసార్లు వెల్లకిలా తిరుగుతుంది. ఇదీ అంతర్గత లక్షణమే. వాహకాలు చూపులకు పూర్తి ఆరోగ్యంగా ఉంటాయి. తెలిసిన వాహకంతో పరీక్షిస్తే, 99 శాతం నమ్మకానికి కనీసం 17 పిల్లలు లోపరహితంగా ఉండాలి. హైపోగా పొరబడిన సన్‌కిస్డ్ సర్పం ఈ పరీక్షను తప్పించుకుని లోపాన్ని మరో వంశంలోకి చేర్చగలదు. పేరు సరిగా నిర్ణయించడం జీవి సంక్షేమానికి ఎంత అవసరమో ఇందువలన తెలుస్తుంది.

పాటించవలసిన క్రమం

మొదట సంతతి వివరాలను పరిశీలించాలి. కుబుసం విడిచే ముందు దేహం మసకబారుతుంది గనుక, విడిచిన తరువాత పగటి వెలుతురులో రంగును గమనించాలి. పిల్ల దశలోను, ఎదిగిన తరువాతను రెండుసార్లు నమోదు చేయాలి. కొన్ని జన్యువులకు కుబుసం నుంచే డి.ఎన్.ఏ. పరీక్ష చేసే వీలుంది. ఇవేవీ లేనప్పుడు ‘నిర్ధారణ కాలేదు’ అని రాయడమే సరైన పద్ధతి.

విత్తనోత్పత్తి క్షేత్రంలో కేళీలను ఏరివేసే సిబ్బందికీ ఇదే క్రమం వర్తిస్తుంది. రూపంలో తేడా ఉన్న మొక్కను కన్ను పట్టగలదు. రూపం ఒకటై జన్యువు వేరైన మొక్కను పట్టించేవి వంశ వివరాలు, సంతతి పరీక్ష, జన్యు పరీక్ష మాత్రమే.