కాంటా ఒకే తూకం రెండుసార్లు ఎందుకు చెప్పింది? యూఎస్‌బీ డ్రైవర్‌లో ఎర్రర్, రీసెట్, రికవరీ

ఇయ్యాల్టి ఎపిసోడ్ మా నందిపేట్ నుంచి. వెనుక గడగడ అని వినిపిస్తున్నది పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము. చప్పుడు మైక్‌లో వస్తే ఏమనుకోకుండ్రి, ఈ కథలో ఆ మోటారుకు కూడా పని ఉంది.

పోయిన సీజన్‌లో మా పెద్దబాపు పసుపు కొమ్ము అమ్మడానికి ఒక అడ్తి దుకాణానికి పోయిండు. నేను తోడు పోయిన. అక్కడ ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. కాంటా నుంచి ఒక చిన్న డబ్బా, ఆ డబ్బా నుంచి యూఎస్‌బీ కేబుల్, అది లినక్స్ మీద నడిచే చిన్న కంప్యూటర్‌కు. సంచి పెట్టంగనే గుమస్తా ఒక బటన్ నొక్కుతడు, తూకం చీటీ మీద ప్రింట్ అయితది.

చీటీ చేతికి వచ్చినంక పెద్దబాపు చదివి ఆగిపోయిండు. "నాలుగో సంచి 57.4, అయిదో సంచి 57.4. నేను నింపిన సంచులురా అవి. రెండూ ఒక్కటే తూకం ఎట్ల వస్తయి?" అన్నడు.

అయిదో సంచి మళ్లీ కాంటా ఎక్కించినం. 61.2 చూపించింది. అంటే 3.8 కిలోలు తేడా. క్వింటాల్‌కు 10,000 రూపాయలు అనుకున్నా ఒక్క సంచి మీద 380 రూపాయలు. దుకాణంలో ఒక్కసారి గొంతులు లేచినయి. మోసం అన్నరు. అడ్తిదారు మొహం తెల్లబోయింది, ఎందుకంటే ఆయన నిజంగా ఏం చేయలేదు. ముందు సంచి బరువైనదైతే అదే తప్పు ఆయనకు నష్టం చేసేది.

అప్పటికే ఆ కంప్యూటర్ నెల రోజుల నుంచి సతాయిస్తున్నదట. తెర మీద "కనెక్షన్ రీసెట్ బై పీర్" అని వచ్చేదట. కనెక్షన్ అన్న మాట చూసి ఇంటర్నెట్ సమస్య అనుకొని రౌటర్ మార్చిన్రు, సిమ్ మార్చిన్రు. ఫలితం లేదు. నేను డ్రైవర్లు రాసే పనిలోనే ఉన్న కాబట్టి, "ఒక గంట నాకియ్యుండ్రి" అని కూర్చున్న.

చివరి లైను కాదు, మొదటి లైను

యూఎస్‌బీలో పరికరం తనంతట తాను మాట్లాడదు. కంప్యూటర్ అడిగితేనే జవాబు ఇస్తుంది. మీ ఫోన్‌కు ఓటీజీ కేబుల్‌తో పెన్‌డ్రైవ్ పెట్టినా అంతే, అప్పుడు అడిగేది ఫోన్. లినక్స్‌లో డ్రైవర్ ఈ అడగడాన్ని ఒక చీటీ లెక్క రాసి కింది పొరకు ఇస్తుంది. దాన్ని అర్బ్ అంటరు. పని అయినంక ఆ అర్బ్ ఒక నంబర్‌తో తిరిగి వస్తుంది. సున్నా అయితే అంతా బాగుంది. మైనస్ నంబర్ అయితే ఏదో జరిగింది.

ఆ నంబర్లలో ముఖ్యమైనవి చెప్తా.

మైనస్ 71 అంటే తీగ మీద మాట చెడింది, లేదా జవాబే రాలేదు. మైనస్ 84 కూడా ఇట్లాంటిదే, వచ్చిన డేటా సరిచూస్తే లెక్క తప్పింది. మైనస్ 110 అంటే మనం ఇచ్చిన గడువులో పని పూర్తి కాలేదు. మైనస్ 32 వేరే రకం: పరికరమే "ఈ దారి మూసేసిన" అని చెప్తున్నది, దీన్ని స్టాల్ అంటరు. మైనస్ 108, మైనస్ 19 అంటే పరికరం ఇక లేదు, లేదా మూసేస్తున్నరు.

ఇగ మైనస్ 104. ఇదే అందరినీ తప్పుదారి పట్టించేది. లినక్స్‌లో 104కు మామూలుగా ఉన్న పేరు "కనెక్షన్ రీసెట్ బై పీర్", అంటే అవతలివాడు కనెక్షన్ తెంపిండు అని. నెట్‌వర్క్‌లో అది నిజమే. కానీ అర్బ్ 104తో వస్తే అర్థం పూర్తిగా వేరు: ఆ అర్బ్‌ను మన డ్రైవరే రద్దు చేసింది. అవతలివాడు ఎవరూ తెంపలేదు. మనమే వెనక్కి పిలిచినం.

కెర్నెల్ లాగ్ తెరిచి చూసిన. క్రమం ఇట్ల ఉంది. డ్రైవర్ ముందుగానే 8 అర్బ్‌లు వేసి ఉంచింది. వాటిలో ఒకటి మైనస్ 71తో వచ్చింది. వెంటనే డ్రైవర్ మిగిలిన 7 రద్దు చేసింది, 7 సార్లు మైనస్ 104. ఆ తర్వాత పరికరాన్ని రీసెట్ చేసింది. పైన ఉన్న యాప్ చివరి నంబర్ పట్టుకొని, దాని మామూలు పేరు తెర మీద వేసింది. నెల రోజులు అందరూ ఆ ఏడు లైన్ల వెంట పడ్డరు. రోగం వాటికి ముందున్న ఒక్క లైనులో ఉంది.

71 ఎప్పుడు వస్తున్నదో సమయాలు చూసిన. పక్క షెడ్డులో పాలిష్ డ్రమ్ము మోటారు స్టార్ట్ చేసినప్పుడల్లా వస్తున్నది. కేబుల్ చూస్తే మూడేసి మీటర్ల ఎక్స్‌టెన్షన్లు రెండు కలిపి, మోటారు వైరు పక్కనుంచే లాగిన్రు. యూఎస్‌బీ 2.0కు ఒక కేబుల్ 5 మీటర్లు దాటొద్దు. పొడుగు ఎక్కువ, కవచం తక్కువ, పక్కన మోటారు. మాట చెడకుండ ఎట్లుంటది?

పొట్టి, మంచి కేబుల్ వేసి, కంప్యూటర్ ప్లగ్గు మోటారు లైను నుంచి తీసి వేరే లైనుకు మార్చినం. 71 ఆగిపోయింది. అందరూ "అయిపాయె" అన్నరు. నేను కాలేదన్న.

ఎందుకంటే కేబుల్ ఎర్రర్‌కు కారణం. 57.4 రెండుసార్లు రావడానికి కారణం కేబుల్ కాదు. ఎర్రర్ వస్తే తూకం రాకుండ ఉండాలె గని, తప్పుడు తూకం రావద్దు కదా?

ప్రతి దెబ్బకూ ఒకే మందు

డ్రైవర్ సోర్స్ ఆ డబ్బాతో పాటు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. చదివిన. ఎవరు రాసిన్రో పేరు అనవసరం, నేను కూడా మొదట్లో ఇట్లనే రాసిన. ఏ ఎర్రర్ వచ్చినా ఒక్కటే పని: వెంటనే రీసెట్.

ఫోన్ హ్యాంగ్ అయితే స్విచ్ఛాఫ్ చేసి ఆన్ చేస్తం చూడుండ్రి, గదే ఆలోచన. కానీ మోటారు స్టార్ట్ అయ్యే ఆ ఒక్క క్షణం తీగ మీద గోల ఇంకా నడుస్తనే ఉంటది. ఆ గోలలోనే రీసెట్ చేస్తే, రీసెట్ తర్వాత పరికరాన్ని గుర్తుపట్టడానికి అడిగే ప్రశ్నలు కూడా చెడిపోతయి. గాలి ఆగకముందే దీపం మళ్లా మళ్లా అంటించినట్టు. కొన్నిసార్లు కెర్నెల్ విసిగి పరికరాన్నే వదిలేస్తుంది.

సరైన పద్ధతి లినక్స్‌లోనే ఉంది. యూఎస్‌బీ మౌస్, కీబోర్డులను నడిపే డ్రైవర్ ఏం చేస్తదంటే, 71 లాంటిది వస్తే 13 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. మళ్లీ చెడితే 26, తర్వాత 52, తర్వాత 104. ఒక సెకను పాటు ఇట్ల ప్రయత్నించినా కాకపోతేనే రీసెట్‌కు పోతుంది. మొదలు ఓపిక, చివరకు రీసెట్.

మైనస్ 32 వస్తే రీసెట్ అవసరం లేదు. ఆ మూసిన దారిని తెరవమని చెప్పే క్లియర్ హాల్ట్ అనే ఫంక్షన్ ఉంది, అది చాలు. మైనస్ 104 వస్తే ఏం చేయొద్దు, రద్దు చేసింది మనమే కదా, ఊరుకోవాలె. 108, 19 వస్తే మళ్లీ అడగడం పూర్తిగా ఆపాలె. లేని పరికరాన్ని అడుగుతనే ఉంటే లాగ్ నిండుతది తప్ప లాభం లేదు. ఒక జాగ్రత్త: కేబుల్ పీకినప్పుడు కూడా మొదట 71 రావచ్చు. అందుకే ప్రయత్నాలకు ఒక హద్దు ఉండాలె.

ఇంకో మాట, డ్రైవర్ రాసే తమ్ముళ్ల కోసం. అర్బ్ తిరిగి వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్‌లో ఆగి ఎదురుచూసే పని చేయొద్దు. క్లియర్ హాల్ట్ ఎదురుచూస్తుంది. కాబట్టి "తర్వాత చేయి" అని వర్క్ క్యూలో వేయాలె.

రీసెట్ ఏం తెస్తుంది, ఏం తేదు

అసలు సంగతి ఇక్కడుంది. రీసెట్ అంటే కంప్యూటర్ వైపు నుంచి రెండు డేటా తీగలను కనీసం 10 మిల్లీసెకన్లు కిందికి పట్టి ఉంచడం. దాంతో పరికరం తన చిరునామా, కాన్ఫిగరేషన్ మరిచిపోతుంది. కెర్నెల్ మళ్లీ చిరునామా ఇస్తుంది, కాన్ఫిగరేషన్ పెడుతుంది. అంతవరకే. మన డ్రైవర్ ఆ పరికరానికి ప్రత్యేకంగా చెప్పిన సంగతులు, అంటే "తూకం ఆపకుండ పంపు", "కిలోల్లో పంపు" లాంటివి, కెర్నెల్‌కు తెలియవు. అవి డ్రైవరే మళ్లీ చెప్పాలె. దీనికోసం రీసెట్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి పిలిచే ఫంక్షన్లు ఉన్నయి. ఈ డ్రైవర్‌లో అవి ఉన్నయి గని లోపల ఏమీ రాయలేదు.

అంటే రీసెట్ తర్వాత పరికరం కనెక్ట్ అయి ఉంది, కానీ తూకం పంపడం లేదు. గుమస్తా బటన్ నొక్కిండు. యాప్ డ్రైవర్‌ను అడిగింది. డ్రైవర్ దగ్గర బఫర్‌లో ఏముంది? నాలుగో సంచి తూకం. అదే ఇచ్చింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. 57.4.

కనెక్షన్ తెగితే మనిషి ఆగుతడు, మళ్లీ తూస్తడు. కనెక్షన్ ఉన్నట్టు కనిపించి పాత మాట చెప్తే ఎవరికీ అనుమానం రాదు. పెద్దబాపు తన సంచులు తను ఎరిగినవాడు కాబట్టి పట్టుకున్నడు. ఆ నెల రోజుల్లో ఎంతమంది చీటీ మడిచి జేబుల పెట్టుకొని పోయిన్రో.

మార్చింది మూడే. రీసెట్‌కు ముందు బఫర్ ఖాళీ చేసి, తూకం చెల్లదు అని గుర్తు పెట్టిన. రీసెట్ తర్వాత కాంటాకు చెప్పాల్సినవన్నీ మళ్లీ చెప్పిన. కొత్త తూకం వచ్చేదాకా యాప్ అడిగితే డ్రైవర్ ఎర్రరే ఇస్తుంది, తెర మీద అంకెలకు బదులు గీతలు వస్తయి, చీటీ ప్రింట్ కాదు.

ఇగ పరీక్ష. మంచి కేబుల్ తీసేసి, ఆ పాత ఎక్స్‌టెన్షన్లే మళ్లీ పెట్టిన. అడ్తిదారు "పిచ్చా?" అన్నట్టు చూసిండు. రికవరీ కోడ్ ఎర్రర్ వస్తేనే నడుస్తది, ఎర్రర్ రాకపోతే అది పనిచేస్తదో లేదో ఎట్ల తెలుస్తది? సంచి మార్చుకుంట, మోటారు మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయించినం. మోటారు లేకున్నా చేయొచ్చు: కేబుల్ పీకి పెట్టండి, లేదా ఆ పరికరానికి లినక్స్ ఇచ్చే ఆథరైజ్డ్ అనే ఫైల్‌లో 0 రాసి మళ్లీ 1 రాయండి. తీగ మీద ఏం పోతున్నదో చూడాలంటే యూఎస్‌బీమాన్ ఉంది, వైర్‌షార్క్‌లో తెరిచి చూడొచ్చు. మా పరీక్షలో గీతలు వచ్చినయి, ఆగి కొత్త తూకం వచ్చింది. పాత తూకం ఒక్కసారి కూడా రాలేదు. అప్పుడు మంచి కేబుల్ పెట్టేసినం.

ఆండ్రాయిడ్ లోపల ఉన్నది కూడా లినక్స్ కెర్నెలే. మీలో ఎవరన్నా ఓటీజీ పరికరానికి యాప్ రాస్తుంటే, డేటా అడిగే ఫంక్షన్ మైనస్ నంబర్ ఇచ్చిందా అని చూడండి. ఇస్తే, పాత బఫర్‌ను కొత్త డేటా అనుకోవద్దు. పరికరం ఊడితే కనెక్షన్ మూసి, మళ్లీ పెట్టినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టండి.

ఆ రోజు పెద్దబాపు సంచులన్నీ మళ్లీ తూచినం. బయటికి వచ్చేటప్పుడు ఆయన అడిగిండు: "ఇగ ఆ మిషిన్ తప్పు చేయదా?" చేస్తది పెద్దబాపూ, తీగ అన్నంక ఎప్పుడో చెడుతది. ఇప్పటి సంది చెడినప్పుడు తెలవదని చెప్తది అన్న. "గంతే చాలు" అన్నడు.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో యూఎస్‌బీమాన్ తెరిచి, ఒక్కో ప్యాకెట్ కలిసి చదువుదాం.