పెరిత చిగురు మీద విందు

అలిపిరి మెట్ల దారిన వెళ్లేవారు పెద్దగా గమనించరు గానీ, శేషాచలం కొండల్లో పెరిత అనే మొక్క ఉంది. చూపుకి పొట్టి ఈతచెట్టే; వంశం మాత్రం డైనోసార్ల కాలంలోనూ ఉన్న సైకాడ్లది. శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమై.

సైకస్ మొక్కల్లో సైకాసిన్ అనే విషం ఉంటుంది. అయినా ప్లెయిన్స్ క్యూపిడ్ అనే చిన్న నీలి సీతాకోకచిలుక వీటి చిగుళ్ల మీదే గుడ్లు పెడుతుంది. ముదిరిన ఆకు గొంగళిపురుగుకి కొరుకుడుపడదు. అందుకే ఆకులన్నీ ఒకేసారి వేసి, త్వరగా గట్టిపడటం మొక్క ఎత్తు. ఆ కాస్త వ్యవధిలోనే కడుపు నింపుకోవడం పురుగు పైఎత్తు. దానికి చీమల కాపలా కూడా! వీపున ఊరే తీపి చుక్కే వాటి జీతం.

పెరితకు అసలు ముప్పు మనిషే. మందుల కోసం మగ శంకువులు కోసేస్తే పుప్పొడి ఉండదు, ఆడ మొక్కకు గింజ కట్టదు. అడవి మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో సైకస్ ప్రజాతి నుంచి ఉన్నది ఇదొక్కటే.