సగటు ఫ్రేమూ, తేడా ఫ్రేమూ

"సార్, ఒకే వీడియోని ఫోన్‌కొకటి, టీవీకొకటి అని ఎందుకు దాచిపెడతారు? ఒక్క ఫైలు చేసి, ఎవరికి కావలసినంత వాళ్లు తీసుకుంటే పోదా?" క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఒక్క ఫైలు కోసం పెద్ద కుస్తీలే జరిగాయి. వాటిలో నాకు మహా ఇష్టమైన కిటుకు ఒకటుంది.

ఒక పిక్సెల్ వెలుగు మొదటి ఫ్రేములో 100, రెండోదాంట్లో 105 అనుకోండి. తేడా 5. అందులో సగం, చిల్లర వదిలేస్తే 2. దాన్ని 100కి కలిపితే 102, అంటే ఇంచుమించు సగటు. ఇక 102, 5 మాత్రమే దాచుకుందాం. పాతవి కావాలంటే? 5లో సగం మళ్లీ 2. 102లోంచి తీసేస్తే 100, దానికి 5 కలిపితే 105. చిల్లర వదిలేసినా లెక్క తప్పలేదు, వెనక్కి వచ్చేటప్పుడూ ఆ చిల్లరనే వదిలాం కాబట్టి! ఇలా మెట్టుమెట్టుగా సాగే పద్ధతికి 1990ల మధ్యలో విమ్ స్వెల్డెన్స్ లిఫ్టింగ్ అని పేరు పెట్టాడు.

సగటు ఫ్రేములను మళ్లీ జతకట్టుకుంటూ పోతే 16 ఫ్రేములు ఎనిమిదై, నాలుగై, రెండై, చివరికి ఒక్కటవుతాయి. నెట్ నత్తనడక నడిచేచోట కొన్ని సగటులు పంపితే చాలు, బాగున్నచోట తేడాలూ పంపొచ్చు. ఒక్కో ఫ్రేమును అడ్డంగా, నిలువుగా కూడా ఇలాగే విడగొడితే బొమ్మ సైజూ మన చేతిలోకి వస్తుంది. వీడియోను కుదించి, మళ్లీ విప్పే మామూలు కోడెక్‌లో ఈ వీలు లేదు. అది విప్పిన ఫ్రేమును చూసే తర్వాతి ఫ్రేమును ఊహిస్తుంది, మధ్యలో ఏదైనా తగ్గించి పంపితే తప్పు మీద తప్పు పేరుకుంటుంది.

చిక్కల్లా కదలికతోనే. బౌలర్ వేసిన బంతి ముందుకెళ్లిపోయాక పాతచోటునే జతకడితే సగటులో రెండు మసక బంతులు కనిపిస్తాయి. బంతి వెళ్లిన దారి పట్టుకుని జతకట్టాలి. 1994లో యెన్స్-రైనర్ ఓమ్ ఆ పని చేశాడు. కానీ బంతి తప్పుకోగానే బయటపడిన గడ్డికి పాత ఫ్రేములో జతేది? పైగా బంతి పావు పిక్సెలో, అర పిక్సెలో జరిగితే లెక్క అచ్చంగా వెనక్కి రాదు.

2001లో ఆండ్రూ సెకర్, డేవిడ్ టాబ్‌మన్ కదలికను లిఫ్టింగ్ మెట్లలోనే ఇరికించేశారు. పట్టుకున్న దారి తప్పయినా ఫర్వాలేదు, వెనక్కి వచ్చేదీ ఆ తప్పుదారిలోనే. జడ ఎంత వంకరగా అల్లినా అల్లిన వరసకు ఎదురు విప్పితే జుట్టుకేం కాదు కదా! (సైజు తగ్గించడానికి అంకెల్ని ముతకగా సవరిస్తారు, అక్కడ పోయేది ఎలాగూ పోతుంది.) దారి తప్పిన నష్టం వేరేచోట తేలుతుంది: తేడాలు బరువెక్కుతాయి, సగటులు మసకబారతాయి.

2003లో వీడియో ప్రమాణాలు రూపొందించే ఎంపెగ్ ఇలాంటి ఒక్క ఫైలు పద్ధతికి ప్రతిపాదనలు పిలిస్తే 14 వచ్చాయి, వాటిలో 12 ఇలా సగటులూ తేడాలుగా విడగొట్టే వేవ్‌లెట్ బాపతే. నెగ్గింది మాత్రం అప్పటికే ఉన్న హెచ్.264 అనే వీడియో ప్రమాణాన్ని పొడిగించిన బెర్లిన్ వాళ్ల పద్ధతి. మొదట్లో దాంట్లోనూ ఈ లిఫ్టింగ్ ఉండేది. సగటు చేసే మెట్టు వల్ల పెద్ద లాభం లేదని తర్వాత దాన్ని పీకేశారు, 2007లో ప్రమాణం వచ్చింది. నాకిప్పటికీ మింగుడుపడని సంగతి ఇది. అయినా 2020 నాటి వీవీసీ అనే వీడియో ప్రమాణపు రిఫరెన్స్ ఎన్‌కోడర్‌లో, కదలిక దారి వెంట ఫ్రేములను కలిపి నలుసులు తగ్గించే ఫిల్టరు ఒకటుంది. అసలు కోడింగ్ మొదలవకముందే అది తన పని కానిచ్చేస్తుంది.